ముప్పై సెకన్ల చింతచెట్టు: రేడియో యాడ్ పని డైరీ

సోమవారం

ముందు సంగతేంటో చెప్తా. ఫైనల్ సెమిస్టర్‌కి మా నలుగురి డాక్యుమెంటరీ 1908 మూసీ వరద మీద, టైటిల్ "చింతచెట్టు". 22 నిమిషాలు. ఇంకా కలర్ కరెక్షన్ కాలేదు, సబ్‌టైటిల్స్ కాలేదు, ఈలోపు మేడమ్ కొత్తది నెత్తిన పెట్టారు. స్క్రీనింగ్‌కి జనాన్ని పిలవడానికి ఒక పోస్టరు, ఒక రేడియో యాడు చెయ్యాలి, రెండిటికీ మార్కులున్నాయి. యాడ్ క్యాంపస్ కమ్యూనిటీ రేడియోలో వేస్తారు. 30 సెకన్లు, ఒక్క సెకను కూడా ఎక్కువ కాకూడదు. పోస్టర్ మా కెమెరా వాడు తీసుకున్నాడు (భీమవరం, వాడికి బొమ్మలుంటే చాలు), యాడ్ నాకూ వరంగల్ అమ్మాయికీ పడింది. నేను సౌండు, ఎడిటింగు, తను స్క్రిప్టు, గొంతు. నాలుగోవాడు పర్మిషన్ లెటర్లు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాడు, వాడి పేరు క్రెడిట్స్‌లో పెద్దక్షరాల్లో వెయ్యాలి.

కథ తెలియనివాళ్లకి: 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి హైదరాబాద్ సగం కొట్టుకుపోయింది. పదిహేను వేల మంది పోయారని చాలాచోట్ల రాస్తారు. అఫ్జల్‌గంజ్‌లో, ఇప్పటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది దాకా బతికారని చెప్తారు. ఆ తర్వాతే నిజాం ప్రభుత్వం విశ్వేశ్వరయ్యని పిలిపించడం, 1920లో ఉస్మాన్‌సాగర్ (అదే గండిపేట చెరువు), 1927లో హిమాయత్‌సాగర్ రావడం. మనం గండిపేట నీళ్లు తాగడానికి మొదలు అక్కడుంది.

మంగళవారం

స్క్రిప్ట్ మొదటి డ్రాఫ్ట్. వరంగల్ అమ్మాయి రాత్రంతా కూర్చుని రాసింది, అందులో అన్నీ ఉన్నాయి. తేదీ, ఎన్ని వంతెనలు పోయాయి, పురానాపూల్ ఎలా నిలబడింది, ఆరో నిజాం, విశ్వేశ్వరయ్య, రెండు చెరువులు, తల్లినీ భార్యనీ కూతుర్నీ కళ్లముందే పోగొట్టుకున్న ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ. చదివితే 71 సెకన్లొచ్చింది. ఊపిరి తీసుకోకుండా చదివితే 58.

మేడమ్ రెండు లైన్లు విని, "ఇది అడ్వర్టైజ్‌మెంటా, గ్రూప్-టూ కోచింగా?" అన్నారు.

ఇంటర్నెట్‌లో చూస్తే 30 సెకన్లకి 75 పదాలు అని రాసి ఉంటుంది, అది ఇంగ్లీషు లెక్క, మనకి పనికిరాదు. మన దగ్గర "కొట్టుకుపోయినవాళ్లందరికీ" అనేది ఒక్క పదం. అందుకే పదాలు మానేసి అక్షరాలు లెక్కపెట్టా. తను మామూలుగా, తొందర లేకుండా చదివితే సెకనుకి ఆరు అక్షరాల దాకా వస్తున్నాయి, ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి నాలుగు పేరాలు కొలిచి చూశా. సౌండ్ ఎఫెక్టులకి 8 సెకన్లు, మధ్యలో ఎవరైనా పెద్దాయన గొంతు పెడితే దానికి 7, మిగిలింది 15 సెకన్లు, అంటే 90 అక్షరాలు. స్క్రీనింగ్ ఎప్పుడు, ఎక్కడ అనేది రెండుసార్లు చెప్పాలి (రేడియో విన్నవాడు వెనక్కి తిప్పుకుని వినలేడు కదా), దానికే 40 పోతాయి. మిగిలిన 50 అక్షరాల్లో 1908 మొత్తం పట్టాలి. తను నా మొహం చూసింది, నేను తన మొహం చూశా, ఇద్దరం టీకి వెళ్లాం.

గురువారం

పెద్దాయన గొంతు మా దగ్గర ఉంది. డాక్యుమెంటరీ కోసం డిసెంబర్‌లోనే అఫ్జల్‌గంజ్‌లో ఒక తాతని రికార్డ్ చేశాం, తాళాలు బాగుచేస్తాడు, డెబ్బై ఎనిమిదేళ్లు. వాళ్ల తాత 1908లో పన్నెండేళ్ల పిల్లాడు. ఆ ముక్క మొత్తం రాసి పెడుతున్నా, తర్వాత దీనితోనే పెద్ద గొడవయింది కాబట్టి:

"నాకేం ఎరుక బిడ్డా, నేనప్పుడు యాడున్న. మా తాత చెప్పేటోడు. నీళ్లొస్తున్నయంటే జనాలు ఉరికిన్రు, ఎటోళ్లు అటు. గా చింతచెట్టు ఎక్కినోళ్లందరు బతికిన్రంట బిడ్డా. రెండు దినాలు అట్లనే కూసున్రంట, తిండి లేదు ఏం లేదు."

చెప్తూ చెప్తూ చేతిలో తాళంచెవి ఆకురాయితో రుద్దుతూనే ఉన్నాడు. ఆ కిర్రు కిర్రు మాటల కింద వినిపిస్తుంది. అప్పుడు తిట్టుకున్నా గానీ ఇప్పుడు అదే నచ్చుతోంది.

ఇవాళ మళ్లీ అఫ్జల్‌గంజ్ వెళ్లి ఉట్టి చప్పుళ్లు రికార్డ్ చేసుకున్నాం. డిపార్ట్‌మెంట్ నుంచి జూమ్ రికార్డర్ తెచ్చుకున్నా, లెవెల్ -12 డెసిబెల్స్ దగ్గర ఉండేట్టు పెట్టుకున్నా, అయినా ఒక ఆర్టీసీ బస్సు పక్కనే హారన్ కొడితే సౌండు మరీ ఎక్కువైందని ఎర్రలైటు వెలిగింది, ఆ టేక్ పోయింది. ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం ఉట్టి గాలి, ఉట్టి రోడ్డు కూడా తీసుకున్నాం. ఇది చాలామంది వదిలేస్తారు. ఎడిటింగ్‌లో రెండు ముక్కల మధ్య ఖాళీ వస్తే దాన్ని పూడ్చడానికి ఈ ఉట్టి గాలే కావాలి, పూర్తి నిశ్శబ్దం పెడితే రేడియో ఆగిపోయిందనుకుంటారు.

చెట్టు దగ్గర కూడా ఐదు నిమిషాలు మైకు పట్టుకుని నిలబడ్డా. చింతాకు గలగల అసలు రికార్డ్ అవ్వదు. రావి చెట్టయితే చప్పట్లు కొట్టినట్టు కొడుతుంది, చింతాకు అంత చిన్నది ఏం చప్పుడు చేస్తుంది పాపం. నూటయాభై మందిని మోసిన చెట్టు మైకులో సున్నా.

శుక్రవారం

నీళ్లు. ఇదే ఈ వారం అసలు తలనొప్పి.

మూసీ దగ్గరికి వెళ్తే ఫిబ్రవరిలో ఏముంటుంది, వాసన ఉంటుంది. వాసన రికార్డవ్వదు. మొన్న 2025 సెప్టెంబర్‌లో పైన చెరువుల గేట్లెత్తితే ఎంజీబీఎస్ బస్టాండులోకి నీళ్లొచ్చినప్పుడు మా క్లాస్‌మేట్ ఫోన్లో తీసిన వీడియో ఉంది, అది అడిగి తెచ్చుకుని ఆడియో విడగొట్టి విన్నా. అందులో జనాల కేకలు, ఎవరో "సామాను సామాను" అనడం, కారు అలారం. నీళ్ల చప్పుడు దాదాపు లేదు. నిజమైన వరద చప్పుడు చెయ్యకుండా వస్తుందేమో అనిపించింది. పైగా 2025 కేకలు 1908 కింద పెట్టడం నాకే ఎలాగో అనిపించి పక్కన పెట్టేశా.

నెట్‌లో ఫ్రీ ఎఫెక్టులు ఉన్నాయి, అన్నీ ఏ దేశం సముద్రాలో తెలీదు, వింటే రిసార్ట్ యాడ్‌లా ఉన్నాయి.

చివరికి హాస్టల్ బాత్రూమ్. రెండు బకెట్లు, ఒక టబ్బు, రికార్డర్‌ని కిటికీ ఊచకి కట్టి, నేను ఒక బకెట్‌లోంచి ఇంకోదాంట్లోకి పోస్తూ ఉంటే వరంగల్ అమ్మాయి టబ్బులో చేతులు పెట్టి కలుపుతూ ఉంది. బయట లైన్లో నిలబడ్డ పక్కరూమ్ అక్క "ఏం చేస్తున్నారే లోపల ఇద్దరూ?" అని తలుపు కొట్టింది, అది కూడా రికార్డయింది. ఆ ఫైల్‌ని అడాసిటీలో (సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్) సగం స్పీడుకి తగ్గించా. స్పీడు సగమైతే స్వరం ఒక స్థాయి కిందికి దిగుతుంది, బకెట్ నీళ్లు కాస్తా ఏదో పెద్ద బరువు దొర్లుకుంటూ వస్తున్నట్టయ్యాయి. హెడ్‌ఫోన్స్‌లో వింటే ఒళ్లు జలదరించింది నిజంగా.

వానకి ఇంకో చిట్కా. సాయంత్రం గేటు బయట పునుగుల బండి దగ్గర నూనెలో మొదటి వాయి వేసినప్పుడు రికార్డర్ దగ్గరగా పెట్టా. కళ్లు మూసుకుని వింటే రేకుల మీద వానే. బండి ఆంటీ "మా పునుగులు రేడియోలో వస్తాయా?" అంది. వస్తాయాంటీ, కానీ వాన వేషంలో వస్తాయి. ప్లేటు ఎక్స్‌ట్రా పెట్టింది.

ఆదివారం

గొంతు రికార్డింగ్. స్టూడియో మాకు ఇచ్చిన టైములో ఏసీ రిపేరట, సరే అని రూమ్‌లోనే కానిచ్చాం. ఫ్యాన్ ఆపి, కిటికీకి దుప్పటి కట్టి, బట్టల బీరువా తలుపులు తెరిచి అందులోకి మొహం పెట్టి చదివింది. బట్టలు ప్రతిధ్వనిని మింగేస్తాయి, ఇది స్టూడియో కంటే ఏమీ తక్కువ కాదు, చెమట తప్ప. మైకుకి ఎదురుగా కాకుండా కొంచెం పక్కకి తిరిగి చదవమన్నా, లేకపోతే "ప" దగ్గర, "భ" దగ్గర బుస్సుమని గాలి కొడుతుంది. పదకొండు టేకులు. మొదటి ఐదూ న్యూస్ చదివినట్టున్నాయి. తర్వాత నేను "మీ అమ్మకి ఫోన్ చేసి చెప్తున్నట్టు చెప్పు" అంటే ఆరో టేక్ బాగా వచ్చింది, ఏడు నుంచి మళ్లీ న్యూస్.

ఆరో టేక్‌లో "శనివారం" దగ్గర వీధి కుక్క మొరిగింది. తొమ్మిదో టేక్ నుంచి "శనివారం" తెచ్చి అతికించా.

మ్యూజిక్ గురించి కూడా ఒక పూట తగలేశాం. సినిమా పాటలు వాడకూడదు, కాబట్టి జూనియర్ దగ్గర హార్మోనియం తెచ్చి ఒక్క మెట్టు నొక్కి పట్టుకుని రికార్డ్ చేసి కింద పెట్టాం. కెమెరా వాడు వచ్చి విని, "బాబోయ్, వైకుంఠ రథం వెనకాల నడుస్తున్నట్టుందండీ" అన్నాడు. తీసేశాం. మ్యూజిక్ లేకుండానే బాగుంది.

మంగళవారం

ఎడిటింగ్. నాలుగు ట్రాకులు: నీళ్లు (పునుగులతో సహా), తాత, వరంగల్ అమ్మాయి, అఫ్జల్‌గంజ్ రోడ్డు. వరస ఇలా అనుకున్నాం: నీళ్లు దూరం నుంచి దగ్గరికొస్తాయి, తాత మాట, నీళ్లు ఠక్కున ఆగి ఇప్పటి రోడ్డు, బస్సు హారన్, కండక్టర్ "కోఠీ కోఠీ", దాని మీద వాయిస్. నీళ్లలోంచి రోడ్డు మీదకి దూకే ఆ కట్ దగ్గరే యాడ్ నిలబడుతుంది, దానికి ఫేడ్ (చప్పుడు మెల్లగా తగ్గించడం) వద్దని నేను పట్టుబట్టా.

తాత ట్రాక్‌కి నాయిస్ రిడక్షన్ కొంచెమే పెట్టా. మొదట బాగా పెంచి చూస్తే రోడ్డు చప్పుడు పోయింది గానీ తాత బావిలోంచి మాట్లాడినట్టయ్యాడు, తాళం రుద్దే చప్పుడు కూడా ఏదో పురుగు కుట్టినట్టు మారింది. ఆరు డెసిబెల్స్ దగ్గర ఆపేసి, 100 హెర్ట్జ్ కింద ఉన్న గుర్రుగుర్రు మాత్రం కోసేశా.

మొత్తం పేర్చితే 31.4 సెకన్లు. రేడియో వాళ్ల సిస్టమ్‌లో 30 దగ్గర స్లాట్ అయిపోతుంది, పైన ఉన్నది కట్. అంటే "ఆడిటోరియంలో" కాస్తా "ఆడిటో" అవుతుంది. 1.4 సెకన్లు ఎక్కడో తగ్గించాలి.

ఇక్కడ నేనో పని చేశా, దాచకుండా రాస్తున్నా. తాత మాటలో రెండు "అంట"లున్నాయి. ఒక్కొక్కటి సెకనులో మూడో వంతు ఉంటుంది. "బతికిన్రంట" బదులు "బతికిన్రు" అంటే గట్టిగా కూడా ఉంటుంది కదా, యాడ్‌కి గట్టిగా ఉండటమే కావాలి కదా అనుకున్నా. కానీ ఉట్టిగా "అంట" కోసేస్తే కుదరదు, "బతికిన్ర్" అని గొంతు పిసికినట్టు ఆగిపోతుంది, చివర "ఉ" ఉండదు. ఆ "ఉ" కోసం వెతికితే ముందు వాక్యంలో "ఉరికిన్రు" అన్నాడు, అందులోంచి "న్రు" కోసి తెచ్చి "బతికి" పక్కన అతికించా. తరంగం సున్నా గీత దాటే చోట రెండు వైపులా కోసి, పది మిల్లీసెకన్లు ఒకదాని మీద ఒకటి ఎక్కించి, కింద ఆ రోజు తీసిన ఉట్టి గాలి పరిచా. అలాగే "కూసున్రంట"కి కూడా. "బిడ్డా" తీసేశా, ఒక ఊపిరి తీసేశా. సరిగ్గా 30.0.

ఎవరికి వినిపించినా అతుకు కనిపెట్టలేకపోయారు. ఈ నాలుగేళ్లలో నేను చేసిన బెస్ట్ ఎడిట్ అది, ఆ రాత్రి పదిసార్లు పెట్టుకుని విన్నా సిగ్గులేకుండా.

బుధవారం

వేర్వేరు చోట్ల వినిపించి చూసే రోజు. హెడ్‌ఫోన్స్‌లో అద్భుతం. ఫోన్ స్పీకర్‌లో పెడితే నీళ్లే లేవు! సగం స్పీడుకి దించేసరికి చప్పుడంతా కింది స్థాయికి పోయింది, ఆ లోతు చప్పుళ్లు చిన్న స్పీకర్లు పలకవు. ఉట్టి పునుగులు వేగుతున్నాయి, దాని మీద తాత మాట్లాడుతున్నాడు. హాస్టల్లో రేడియో అందరూ ఫోన్లోనే కదా వినేది. మళ్లీ వెళ్లి అసలు స్పీడు బకెట్ చప్పుడు ఇంకో ట్రాక్‌లో తెచ్చి పైన పలచగా కలిపా. ఇప్పుడు ఫోన్లో జలజల, పెద్ద స్పీకర్లో గర్జన, రెండూ వస్తున్నాయి. ఆటోలో బ్లూటూత్‌కి కలిపి కూడా విన్నాం, ఆటో అన్న "మళ్లీ వరదొచ్చిందా మేడమ్?" అని అడిగాడు. ఆ ఒక్క మాటకి నూటికి నూరు మార్కులేసుకున్నా.

మధ్యాహ్నం తాత దగ్గరికి వెళ్లాం. డాక్యుమెంటరీకి సంతకం తీసుకున్నాం గానీ యాడ్‌కి విడిగా అడగాలని మేడమ్ రూలు. ఫోన్ చెవి దగ్గర పెట్టి వినిపించా. నీళ్ల చప్పుడుకి తలూపాడు. తన గొంతు రాగానే నవ్వాడు. అయిపోయాక ఫోన్ ఇవ్వకుండా, "ఇంకోపారి పెట్టు" అన్నాడు. మళ్లీ విన్నాడు.

"నేను సూసినట్టే చెప్తున్న గదా బిడ్డా."

నాకు వెంటనే ఎక్కలేదు. "బాగా చెప్పావు తాతా" అన్నా.

"బాగ చెప్పుడు కాదు. నేను గట్లనలే. బతికిన్రంట అన్న. నేనేడున్న అప్పుడు? మా తాత చెప్పింది చెప్పిన. గిదినేటోడు ఏమనుకుంటడు, ఈ ముసలోడు నూట ఇరవై ఏండ్లోడా అనుకుంటడు."

కోపంగా ఏం అనలేదు, నవ్వుతూనే అన్నాడు, పక్క షాపాయన కూడా నవ్వాడు. వరంగల్ అమ్మాయి నా వైపు చూసింది, "అంట తీసేసినవా? నాకు చెప్పలే" అంది. నిజమే, చెప్పలేదు. తనకి కూడా అతుకు తెలియలేదని నేను మురిసిపోయా కానీ, తనకి చెప్పాలనే ఆలోచన రాలేదు.

తిరుగు బస్సులో ఇద్దరం మాట్లాడుకోలేదు కాసేపు. నా వాదన ఏంటంటే బకెట్ నీళ్లు వరద అన్నాం, పునుగులు వాన అన్నాం, అదంతా అబద్ధం కాదా మరి, దీనికే ఎందుకింత. తను ఒకటే అంది, "బకెట్ నేను బకెట్‌ను అని యాడ చెప్పింది? తాత చెప్పిండు గదా." దానికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ సరిగ్గా లేదు.

ఇంకోటి కూడా గుచ్చుకుంది. మనం రాసే నూటయాభై మంది, పదిహేను వేల మంది, వీటన్నిటికీ వెనకాల ఒక "అంట" ఉంది, ఎక్కడో ఎవరో రాసేటప్పుడు తీసేశారు. మా వాయిస్ ఓవర్‌లో కూడా "నూటయాభై మంది బతికారు" అని ఖండితంగా ఉంది.

గురువారం

అతుకులు ఊడదీశా. రెండు "అంట"లూ వెనక్కొచ్చాయి, "బిడ్డా" కూడా. మళ్లీ 31.4. ఈసారి కోయాల్సింది మా వైపే. కెమెరా వాడికి ప్రాణమైన ట్యాగ్‌లైన్ ఒకటుంది, "చరిత్ర చెప్పని కథ" అని (పోస్టర్ మీద కూడా వేసేశాడు). దాన్నీ, వాయిస్‌లోని "నూటయాభై మంది బతికారు" అన్నదాన్నీ పీకేశాం. వాడు అలిగాడు, టిఫిన్ పెట్టిస్తే సరిపోయింది. నిజానికి చరిత్ర ఈ కథ చెప్తూనే ఉంది, విననిది మనమే, ఆ లైన్ మొదట్నుంచీ నాకు నచ్చలేదు, ఇప్పుడు ధైర్యమొచ్చింది.

ఫైనల్ స్క్రిప్ట్:

(నీళ్లు, వాన, దగ్గరవుతూ)
తాత: గా చింతచెట్టు ఎక్కినోళ్లందరు బతికిన్రంట బిడ్డా. రెండు దినాలు అట్లనే కూసున్రంట.
(నీళ్లు కట్. రోడ్డు, హారన్, "కోఠీ కోఠీ")
వాయిస్: ఆ చెట్టు ఇంకా అఫ్జల్‌గంజ్‌లోనే ఉంది. 1908 మూసీ వరద మీద డాక్యుమెంటరీ, "చింతచెట్టు". శనివారం సాయంత్రం ఐదింటికి, మన ఆడిటోరియంలో. శనివారం. ఐదింటికి.
(తాళం రుద్దే చప్పుడు, రెండుసార్లు)

29.8 సెకన్లు. చప్పుళ్ల హెచ్చుతగ్గులు సర్దే కంప్రెసర్ కొద్దిగా, పీక్ (అన్నిటికంటే పెద్ద చప్పుడు) -3 డీబీ దగ్గర, 44.1 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైల్. రేడియో స్టేషన్ అన్నకి వాట్సాప్‌లో మామూలుగా పంపితే క్వాలిటీ నలిపేస్తుందేమోనని డాక్యుమెంట్‌గా పంపా. గంటలో ఫోన్, "పక్కన యాడ్ కంటే మీది సౌండు తక్కువగా ఉంది చెల్లీ, కొంచెం పెంచు" అని. వాళ్ల దగ్గరున్న ఒక పాత యాడ్ తెప్పించుకుని దాని లౌడ్‌నెస్ కొలిచి మాది దానికి సమానం చేసి మళ్లీ పంపా. పెంచేసరికి పీకులు పైకి లేచాయి, వాటిని ఒక హద్దు దగ్గర ఆపే లిమిటర్ పెట్టాల్సొచ్చింది, ఆ దెబ్బకి కండక్టర్ అరుపు కొంచెం పగిలింది. ఉండనీ, కండక్టర్లు అలాగే అరుస్తారు.

శుక్రవారం

పొద్దున 8:40కి మొదటిసారి వచ్చింది. మెస్‌లో ఉప్మా ముందు ఫోన్ పెట్టుకుని కూర్చున్నాం. మాకంటే ముందు రక్తదాన శిబిరం ప్రకటన, తర్వాత మేము, తర్వాత పాట. ముప్పై సెకన్లు ఇంత చిన్నవా అనిపించింది, అసలు వచ్చిందా రాలేదా అన్నట్టు అయిపోయింది. పక్క టేబుల్ జూనియర్ ఒకడు తలెత్తి "ఏంటిది, పునుగులా?" అన్నాడు. వాడెవడో గానీ వాడి చెవులు మా డిపార్ట్‌మెంట్‌కి కావాలి.

సాయంత్రం తాతకి ఫోన్ చేసి వినిపించాం. "గిప్పుడు మంచిగుంది" అన్నాడు. వచ్చే శనివారం షాపు కట్టేసి వస్తాడంట.

ఇక స్క్రీనింగ్‌కి వారం. సబ్‌టైటిల్స్ సగం అయ్యాయి. వరంగల్ అమ్మాయి ఇవాళ రాత్రి నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది, డాక్యుమెంటరీ టైమ్‌లైన్ మొదటి నుంచి వేసి, ఇంటర్వ్యూల ఒరిజినల్ ఫైళ్లు పక్కన పెట్టుకుని, "అంట" ఎక్కడెక్కడ పోయిందో చూస్తున్నాం. తొమ్మిదో నిమిషం దాకా వచ్చాం. మూడు దొరికాయి, అందులో రెండు నేను కోసినవే, మూడోది తను కోసింది.